తెలుగులో లెక్క చెప్పిన మల్లన

గన్నవరంలో సెలవులకు చదరంగం ఆడుతున్న పిల్లలను మేము ఒక ప్రశ్న అడిగాం. ఖాళీ బల్ల మీద రెండు తెల్ల గుర్రాలను ఎన్ని విధాలుగా పెట్టవచ్చు? మొదటిదానికి 64 గళ్ళు, రెండోదానికి 63. గుణిస్తే 4032 అన్నారు. గుర్రాలు రెండూ ఒకేలాంటివి గనుక చోట్లు మార్చినా బల్ల మారదు. ప్రతి అమరికా రెండుసార్లు లెక్కలో పడింది. సగం చేస్తే 2016. ఒక అమ్మాయికి ఇంగ్లీషులో సూత్రం కంఠతా వచ్చు. సగం ఎందుకో మాత్రం తెలుగులో చెప్పాకే తెలిసింది. అప్పుడు మాకు పావులూరి మల్లన గుర్తుకొచ్చాడు.

మల్లన నన్నయకు దగ్గరి కాలంవాడు; కవి, శైవుడు. అంతకు ముందే, 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. ఆరు రుచులతో ఎన్ని కలయికలు కుదురుతాయన్న లెక్క అందులో ఉంది. మన ఉగాది పచ్చడినే తీసుకోండి. రెండేసి రుచులు ఎంచితే 6×5, అంటే 30. కానీ తీపి-పులుపు, పులుపు-తీపి ఒకటే గనుక 15. ఒక్కొక్కటిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నీ కలిపి 1: మొత్తం 63.

ఆ గ్రంథాన్ని మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన ప్రస్తావనల చోట తన శైవాన్ని నిలుపుకున్నాడు. మతం వేరని విద్యను మాత్రం వదులుకోలేదు.

చదరంగం మీద ఆయన పేరున ఒక పద్యం ప్రసిద్ధం. మొదటి గడికి ఒకటి, తర్వాత గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకూ కలిపి 18446744073709551615. అన్నీ కూడనక్కరలేదు, 65వ గడి ఉంటే అందులో పడే సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే చాలు. మల్లన అంకెలకు బదులు మాటలు వాడాడు: చంద్రుడంటే 1, వేదమంటే 4, బాణమంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి వరుసగా చదివితే ఇరవై అంకెలూ వస్తాయి. రాతలో అంకె జారిపోవచ్చు గాని, నోటికి వచ్చిన పద్యంలో అంత సులువుగా జారదు.

లెక్కలో ఒకటి రెండుసార్లు పడితే అబద్ధం, ఒకటి జారిపోతే అన్యాయం. ఏ సంఘం పద్దుకైనా, ఏ ఊరి జాబితాకైనా ఇదే న్యాయం. అది పిల్లలకు అర్థమయ్యే మాటలో చెప్పడం పెద్దల బాధ్యత. మల్లన ఆ పని సుమారు వెయ్యేళ్ళ కిందటే చేశాడు. మనం మన ఇళ్ళలో ఈ సెలవుల్లోనైనా మొదలుపెడదాం.