కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర

నాందేడ్‌లో మా బడి పిల్లల ఇళ్లలో చాలావాటికి ఏదో ఒక చిన్న వ్యాపారం ఉంటుంది. ఒకరిది కిరాణా కొట్టు, ఒకరిది ధర్మాబాద్ మిరప బేరం, ఇంకొకరిది పదిమంది కూలీలను పెట్టి చేయించే కంట్రాక్టు పని. తల్లిదండ్రుల సమావేశాల్లో వాళ్లు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతుంటారు. పిల్లలకు నిజాయతీ గురించి పాఠాలు చెబుతున్నారు సరే, చేతిలో డబ్బు ఆడని రోజున కూడా దేవుణ్ణీ, మాటనూ వదలకుండా పని నడిపించిన మనిషి ఎవరైనా ఉంటే చూపించమంటారు. అప్పుడు మేము ఒంగోలు క్లౌ దొర జీవితం చెబుతాం. ఆయన వ్యాపారి కాదు, మిషనరీ. అయినా ఒక గడ్డుకాలంలో కంట్రాక్టరు అయ్యాడు. వేలమంది కూలి ఆయన చేతి మీదుగా నడిచింది. అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టాడు. రైతు కుటుంబం. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ కుటుంబం ఇల్లినాయ్‌కి, తర్వాత అయోవాకు తరలింది. కుర్రతనంలోనే ఆయన మినెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూముల సర్వే బృందంలో చేరాడు. గొలుసు పట్టి నేల కొలవడం, లెక్క రాయడం, పనివాళ్లను నడిపించడం అక్కడే నేర్చుకున్నాడు. అప్పటికి ఆయనకు మతం మీద పెద్ద పట్టింపు లేదు. బర్లింగ్టన్‌లో చదువుకుంటున్న రోజుల్లో విశ్వాసి అయ్యాడు. అడవిలో నేర్చిన ఆ సర్వే పని పాతికేళ్ల తర్వాత తెలుగు నేల మీద అక్కరకు వస్తుందని అప్పుడు ఆయనకు తెలియదు.

1864 నవంబరులో భార్య హ్యారియెట్‌తో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలుకు కాపురం మార్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మందే.

మాదిగల్లో ఆ విశ్వాసానికి దారి వేసినవాడు ఒక వ్యాపారి. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం చేసేవాడు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866 మార్చిలో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత తనవాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పాడు. సంఘంలో చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి చిన్నవే. చెప్పులు కుట్టి, మోట బొక్కెన కుట్టి, పండగలకు డప్పు కొట్టి బతికే మనిషికి మాత్రం ఒక్కో నియమం కడుపు మీదికే వచ్చేది. జాతరకు డప్పు కొట్టనన్నా, ఆదివారం బొక్కెన కుట్టనన్నా పంట రోజున కళ్లంలో రావాల్సిన మేర ఆగిపోయేది. కొన్ని ఊళ్లలో నీళ్లకే ఇబ్బంది వచ్చింది. అయినా చాలామంది వెనక్కి తగ్గలేదు. పనినీ విశ్వాసాన్నీ రెంటినీ నిలుపుకోవడం ఎంత కష్టమో క్లౌ మొదట చూసింది ఈ చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరే.

ఆయనకు మొదటి పరీక్ష కూడా వాళ్ల వల్లే వచ్చింది. పల్లెల నుంచి మాదిగలు వస్తున్నారని తెలిసి ఒంగోలు పై కులాల వాళ్లు అభ్యంతరం చెప్పారు. వాళ్లను చేర్చుకుంటే తాము రామన్నారు, తమ పిల్లలను మిషన్ బడికి పంపమన్నారు. పట్టణంలో పలుకుబడి ఉన్న కుటుంబాలవి. వాళ్లు దూరమైతే బడి మూతపడుతుంది, మిషన్‌కు ఆసరా పోతుంది. ఆ రాత్రి భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని తర్వాత క్లౌ చెప్పుకున్నాడు. లోకం బలహీనులనుకునేవాళ్లను దేవుడు ఎన్నుకుంటాడని చెప్పే భాగం అది. వచ్చిన మాదిగలను ఆయన చేర్చుకున్నాడు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

పదేళ్ల తర్వాత ధాత కరువు వచ్చింది. 1876లో వానలు పూర్తిగా తప్పాయి. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కను, నిజాం రాజ్యం అన్నీ దెబ్బతిన్నాయి. మన నాందేడ్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. 1878 దాకా సాగిన ఆ కరువులో, దాని వెంట వచ్చిన కలరా, జ్వరాలతో కలిపి దక్షిణ భారతంలో 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కానీ ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో కూలి కోసేసింది. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యానికి కాస్త పైన ఉండేది. మట్టి తవ్వే మనిషికి అది చాలదని మద్రాసులోని వైద్యాధికారులే గొడవపడ్డారు. పైగా పనుల దగ్గర మేస్త్రీల తిట్లు, లంచాలు. అంటరానివాళ్లకైతే బాధ రెట్టింపు.

తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అప్పుడే సాగుతోంది. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. తన సంఘంవాళ్లు అక్కడికి వెళ్లి అవమానాలు పడి తిరిగివస్తుంటే చూసి క్లౌ ఒక నిర్ణయానికి వచ్చాడు. దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. పాత సర్వే విద్య ఇప్పుడు పనికొచ్చింది. తాటాకు పాకలతో మకాం వేయించి, బావులు తవ్వించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు గంపలతో మట్టి మోశారు. తవ్విన మట్టి కొలిచి, కొలత ప్రకారం కూలి ఇచ్చారు. పని అడిగినవాడి కులం, మతం చూడలేదు.

ఈ కథలో మేము పిల్లల చేత రెండుసార్లు చదివించే భాగం ఇక్కడుంది. మధ్యాహ్నం కూలీలు నీడన కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ల పక్కన కూర్చుని సువార్త చెప్పేవాళ్లు. వినేవాళ్లు వేలల్లో ఉన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్లూ పెరిగారు. మిషనరీ అయినవాడు ఇంతకంటే కోరేదేముంది? పైగా ఆ తెలుగు మిషన్‌ను ఫలితం లేదని అమెరికాలో పెద్దలు మూసేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. లెక్క చూపించుకునే అవకాశం ఇప్పుడు ఎదురుగా ఉంది. క్లౌ మాత్రం 1877 మార్చి నుంచి 15 నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకటే అయినప్పుడు, అడిగేవాడు దేవుణ్ణి అడుగుతున్నాడో అన్నాన్ని అడుగుతున్నాడో తేల్చడం కష్టం. అడిగేవాడికే అది తెలియకపోవచ్చు. అందుకే ఆకలి తీరేదాకా ఆ ప్రశ్నను పక్కన పెట్టాడు.

ఈ నిర్ణయంలో నష్టభయం లేకపోలేదు. కరువులో, కలరాలో రేపటికి ఎవరుంటారో తెలియదు. బాప్తిస్మం అడిగి, అది పొందకుండానే చనిపోయినవాళ్లు ఉండే ఉంటారు. ఆత్మల కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషికి అది చిన్న బరువు కాదు.

1878లో కరువు సడలింది. ఇక పని లేదు, డబ్బు సాయం లేదు అని ఊళ్లన్నింటికీ చెప్పించారు. అయినా జనం వచ్చారు. ఒంగోలులో మశూచి ఉండటంతో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుసుకున్నారు. ఒక్కొక్కరి గురించీ ఆ ఊరి బోధకుణ్ణి విచారించి, పేరు రాసుకున్న తర్వాతే నీళ్లలోకి పంపారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున ఏటిలో దిగారు. జూన్ మధ్య నుంచి జూలై చివరి దాకా మొత్తం 8,691 మంది చేరారు.

ఆ అంకె విని ప్రపంచం ఆశ్చర్యపోయింది, అనుమానించింది కూడా. తిండి కోసం మతం మారారన్న మాట క్లౌ బతికున్నంత కాలం వినిపిస్తూనే ఉంది. ఆయన దగ్గర జవాబు ఒకటే ఉంది, అది లెక్కల పుస్తకంలో ఉంది. డబ్బు చేతులు మారిన 15 నెలల్లో బాప్తిస్మాల వరసలో సున్నా. డబ్బు ఆగిన తర్వాతే అంకెలు మొదలయ్యాయి. ఇంతమందికి చదువు, నేర్పు ఇవ్వడానికి సరిపడా మనుషులు లేక ఆయన తర్వాతి ఏళ్లంతా ఇబ్బందిపడ్డాడన్నదీ నిజమే. పల్లె బడుల కోసం, ఉపాధ్యాయుల కోసం అమెరికా వెళ్లి చేయి చాచి తిరిగాడు. హ్యారియెట్ పోయిన తర్వాత 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు.

తల్లిదండ్రులు మమ్మల్ని అడిగినదానికి ఈ జీవితంలో మాకు కనిపించిన జవాబు ఇది. దుకాణంలో పనిచేసే కుర్రాడి జీతం, అరువు అడిగిన ఇల్లాలి అవసరం, బడిలో మా సంతకం కోసం నిలబడిన తండ్రి దరఖాస్తు, ఇవన్నీ మన చేతిలో ఉన్న అధికారాలే. అవసరంలో ఉన్నవాడు మనం ఏది అడిగినా ఊ అంటాడు. అప్పుడు అడగకుండా ఉండగలగడమే ఆ 15 నెలలు మనకు నేర్పేది.

బంధువుల ఇళ్లకని ఒంగోలు వైపు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ కాలువ చూపించండి. పట్టణానికి తూర్పున, సముద్రం వైపు ఇప్పటికీ ఉంది. ఆ గట్ల మీది మట్టిని గంపలతో మోసిన చేతుల గురించి చెప్పండి. కూలి లెక్క పుస్తకాన్నీ సంఘం పుస్తకాన్నీ వేరువేరుగా ఉంచిన మనిషి గురించి కూడా చెప్పండి.