డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ చరిత్రము

తరగతిలో కుదురుగా కూర్చుండలేక, చేపట్టిన పని ముగింపలేక, అల్లరివాడనిపించుకొను బాలుడు ప్రతి పాఠశాలయందును గలడు. అట్టివారిలో కొందరిది దుష్టస్వభావము కాదనియు, అవధానలోపమును అతిచాంచల్యమును గూడిన యొక రుగ్మత యనియు వైద్యులు చెప్పుదురు. దానికి ఎ.డి.హెచ్.డి. యని పేరు. అట్టి పిల్లలపై ఉత్తేజకరమగు మందుల ప్రభావమును మొదట కనిపెట్టిన వైద్యుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుప నెంచితిమి.

చార్లెస్ బ్రాడ్లీ 1902వ సంవత్సరమున అమెరికాలో జన్మించెను. హార్వర్డునందు వైద్యము నభ్యసించి శిశువైద్యుడాయెను. ఆయనకు తాతవరుసయగు జార్జి బ్రాడ్లీకి ఎమ్మా యను నేకపుత్రిక యుండెను. ఏడవయేట మెదడువాపు సోకి ఆ బాలిక వికలాంగురాలాయెను. ఆ దుఃఖమెరిగిన తండ్రి, అట్టి పిల్లల చికిత్సకై తన యాస్తిని మరణశాసనమున విడిచెను. ఆ ధనముతో 1931లో రోడ్ ఐలండు రాష్ట్రమునందలి ఈస్ట్ ప్రావిడెన్సున ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ గృహము వెలసెను. చార్లెసు దానికి వైద్యాధికారి యాయెను.

ఆ దినములలో మెదడును పరీక్షించుటకై వెన్నునుండి నీరు తీసి, గాలి నెక్కించి, ఎక్స్‌రే పటములు తీయుచుండిరి. పిమ్మట పిల్లలు తలనొప్పిచే మిక్కిలి బాధపడుచుండిరి. తీసిన నీరు త్వరగా ఊరుననెడి యాశతో బ్రాడ్లీ వారికి బెంజిడ్రిను అను మందిచ్చెను. తలనొప్పి అంతగా తగ్గలేదు; గాని కొందరు పిల్లలు పాఠములయందు ఎన్నడును లేని శ్రద్ధ చూపిరి. అందుపై ఆయన 5 మొదలు 14 ఏండ్ల వయసుగల 30 మందికి ఒక వారము ఆ మందిచ్చి, 1937లో ఫలితములను ప్రకటించెను. వారిలో 14 మంది చదువున ఆశ్చర్యకరమగు అభివృద్ధి గాంచిరి. పిల్లలు వానిని లెక్కల మాత్రలని పిలుచుచుండిరట.

ఇట్టి విజయము గలిగినను ఆయన గర్వింపలేదు. విచక్షణ లేక ఈ మందు వాడినచో, పైలక్షణము లణగి రోగమూలము మరుగుపడునని ఆ వ్యాసముననే హెచ్చరించెను. 1948లో ఆయన ఓరిగాన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లండునకు తరలిపోయి, 1979లో మృతినొందెను.

ఆ హెచ్చరిక యెంత యుచితమో తరువాతి కాలము చూపినది. ఈ తెగ మందులు అనేకులకు మేలు చేయుననుట నిజమే. అయినను ఆకలి మందగించుట, నిద్ర పట్టకుండుట, తలనొప్పి, కడుపునొప్పి, చిరాకు కలుగవచ్చును. నాడియు రక్తపుపోటును కొంత హెచ్చవచ్చును. కావున బిడ్డకు గాని కుటుంబమునకు గాని గుండెజబ్బున్నచో ముందుగనే వైద్యునకు చెప్పవలెను. అమెరికాలో 579 మంది పిల్లలను పరిశీలించిన పండితులు, మూడేండ్లు ఎడతెగక మందు వాడినవారు వాడనివారికంటె సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ యెదిగిరని 2007లో తెలిపిరి. ఈ మాత్రలు దురుపయోగమునకును లోనగుచున్నవి. పరీక్షలకై స్నేహితునికి ఒకటి యిచ్చుటయు అపాయకరమే.

కావున తలిదండ్రులారా, ఇరుగుపొరుగువారి మాట విని మందు మొదలిడకుడు. భయపడి వైద్యునితో చెప్పక మానకుడు. బిడ్డ తిండిని, నిద్రను కనిపెట్టుడు. బరువు తూచి, గోడకు నిలువబెట్టి యెత్తు గుర్తించి, వైద్యునకు తెలుపుడు. బ్రాడ్లీకి ఉపాధ్యాయులును దాదులును పిల్లల చర్యలను దినదినము తెలుపుచుండిరి. ఆ మెలకువ లేనిచో మందు సగము వైద్యమే యని మా యభిప్రాయము.