పానశాల ప్రొఫెసరు జెర్రీ థామస్

జెర్రీ థామస్‌ను జనులు ప్రొఫెసరని పిలిచెడివారు. ఆ బిరుదు ఏ విశ్వవిద్యాలయమును ఇచ్చినది గాదు. పానశాలలో మద్యములను మేళవించు నేర్పునకు లభించినది. ఈతడు 1830 ప్రాంతమున అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమందలి సాకెట్స్ హార్బరున జన్మించెను. బంగారపు వెఱ్ఱి దినములలో కాలిఫోర్నియా చేరి, 1851లో న్యూయార్కునకు మరలివచ్చి, బార్నమ్ ప్రదర్శనశాల క్రింద పానశాల తెరచెను. మండుచున్న విస్కీని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి నీలిజ్వాలాధారగా పోయుచుండగా జనులు నివ్వెఱపడి చూచెడివారు.

ఆ గారడీతో ఆగినచో ఈతనిని నేడు తలచువారుండరు. గురువు చేతినుండి శిష్యుని చేతికి దిగుచుండిన ఈ విద్యను 1862లో గ్రంథముగా అచ్చువేయించెను. అమెరికాలో ఈ విషయమున వెలువడిన తొలి గ్రంథమదియే. అందు విస్కీ కాక్‌టెయిల్ విధానము మిక్కిలి సులభము: ఒక వైనుగ్లాసెడు, అనగా సుమారు 60 మిల్లీలీటర్ల విస్కీ, మూడు నాలుగు చిలకరింపుల చక్కెరపాకము, రెండు చిలకరింపుల చేదు కషాయము, నిమ్మతొక్క ముక్క, గ్లాసులో మూడవవంతు నలిగిన మంచు. కుదిపి వడగట్టుటయే. కొలత తెలిసినవాడు ఇంట కూర్చుండియే చేసికొనవచ్చును. పానశాల మెట్లెక్క నక్కరలేదు. ఆ కషాయము పేరు బోకర్స్ కాగా, అచ్చులో బోగార్ట్స్ అయ్యెనని పలువురి ఊహ. అచ్చుతప్పుల బాధ మనకు మాత్రమే గాదు!

కొలత తప్పని ఆ చేయి ధనము విషయమున తప్పెను. వాల్ స్ట్రీటు వాటాల బేరములలో చితికి, పానశాల నమ్ముకొని, ప్రీతితో కూర్చుకొన్న చిత్రపటములను సైతము వేలము వేయవలసివచ్చెను. మరల తెరచిన పానశాలకు పూర్వపు సందడి రాలేదు. 1885 డిసెంబరు 15న పక్షవాతపు దెబ్బకు కన్నుమూసెను. 1887లో ఆ గ్రంథము సవరణలతో మరల అచ్చయ్యెను.