మార్కోని

ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమున 1874వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన గుల్యెల్మో మార్కోని జన్మించెను. తండ్రి జ్యుసెప్పె సంపన్నుడగు భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశీయురాలు. బొలోన్యాకు సమీపమున పొంటెక్యో గ్రామమందు వారికి విల్లా గ్రిఫోనె యను భవనమును, దాని చుట్టును విశాలమగు తోటయు నుండెను. మార్కోని విశ్వవిద్యాలయమున పట్టము పొందినవాడు కాడు. ఆ భవనపు మేడగది ఆతని ప్రయోగశాల. గది చాలనపుడు తోటయే ప్రయోగశాల యయ్యెను.

తంతివార్తలు తీగ వెంట మాత్రమే పోగలిగిన కాలమది. తీరము విడిచిన ఓడ ఆపదలో చిక్కినను ఆ సంగతి దూరమున నున్నవారి కెవ్వరికిని తెలియదు. జర్మను శాస్త్రజ్ఞుడగు హెర్ట్జ్ 1888లో విద్యుత్తరంగముల ఉనికిని నిరూపించెను గాని, అవి ఆతని గది దాటి వార్తలు మోయగలవని తలంపలేదు. ఆ తలంపు ఇరువది యేండ్ల మార్కోనికి కలిగెను.

1895లో ఆతడు పరికరమును తోటలోనికి తెచ్చెను. తీగ యొక కొనను భూమిలో పాతి, రెండవ కొనకు 30 సెంటీమీటర్ల చదరపు రేకుడబ్బా నొకదానిని తగిల్చి గడపై నెత్తెను. డబ్బా 2 మీటర్ల ఎత్తున నున్నపుడు సంకేతము 30 మీటర్లు పోయెను. 4 మీటర్ల ఎత్తున 100 మీటర్లు. 8 మీటర్ల ఎత్తున 400 మీటర్లు. ఎనిమిది మీటర్లనగా కోనసీమ పెరళ్లలోని ముదురు కొబ్బరిచెట్టులో సగమైనను కాదు. పిమ్మట గడను మార్చక డబ్బాను మాత్రము మార్చి, మీటరు చదరపుదానిని కట్టెను. సంకేతము 2,400 మీటర్లు పోయెను! ఏరియలు ఎత్తు, దాని తలపైనున్న లోహపు వైశాల్యము, అడుగున భూమితోడి సంబంధము, ఈ మూడింటి మర్మమును ఆ యువకుడు పెరటిలోనే గ్రహించెను. ఆతని అన్న ఆల్ఫొన్సో గ్రాహకయంత్రమును గుట్ట కావలికి తీసికొనిపోయి, సంకేత మందగనే తుపాకి పేల్పించి తెలిపెనని చెప్పుదురు.

1896లో మార్కోని తల్లితో గూడ ఇంగ్లండు చేరెను. అచ్చటి తపాలాశాఖ ముఖ్య ఇంజనీరు విలియం ప్రీస్ ఆతని కండయయ్యెను. 1897 మే నెలలో బ్రిస్టల్ కాలువపై సుమారు 6 కిలోమీటర్లును, 1899 మార్చిలో ఇంగ్లీషు ఛానలుపై ఇంచుమించు 50 కిలోమీటర్లును వార్తలు నడచెను. అమలాపురము నుండి పక్షి యెగిరిన త్రోవను కాకినాడ అంత దూరము.

తరువాత ఆతని కన్ను అట్లాంటిక్ మహాసముద్రముపై పడెను. భూమి గుండ్రమైనది, తరంగములు తిన్నగా పోవును, కావున సముద్రము దాటవని పండితు లనేకులు తలంచిరి. మార్కోని కార్న్‌వాల్ తీరమందలి పొల్డ్యూలో అరువది మీటర్ల స్తంభములు ఇరువదింటిని వలయముగా నాటించెను. 1901 సెప్టెంబరులో వచ్చిన గాలివాన వాని నన్నింటిని కూల్చివేసెను. తుపాను తోటలను నేలమట్టము చేయుట నెరిగిన కోనసీమవాసులకు ఆ దృశ్యమును వర్ణించి చెప్పనక్కరలేదు. ఆతడు వెనుదీయక రెండు స్తంభముల నడుమ తీగల నల్లించి, తాను న్యూఫౌండ్‌లాండుకు వెడలెను. అచ్చట బెలూను గాలికి తెగిపోయెను. గాలిపటము గట్టి, దానికి సుమారు 150 మీటర్ల తీగ వ్రేలాడదీసిరి. డిసెంబరు 12వ తేదీ మధ్యాహ్నమున మోర్సు లిపిలోని మూడు చుక్కలు వినవచ్చినవని ఆతడు ప్రకటించెను. ఆనాడు వాడిన పాదరస గ్రాహకము వంటిదానిని ఆచార్య జగదీశచంద్ర బోసు 1899లోనే రాయల్ సొసైటీకి వివరించియుండెను. ఆ సంగతి చాలకాలము మరుగుపడెను.

ఆ చుక్కలను విన్నవారు మార్కోనియు, సహాయకుడు కెంపును మాత్రమే. ఉరుముల చిటపటలనే సంకేతములని భ్రమించిరని కొందరనిరి. మార్కోని వాదమునకు దిగక, 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా యను ఓడపై కాగితపు పట్టీమీద సంకేతములను ముద్రింపజేసి, ఓడ కెప్టెనుచే సాక్ష్యపు సంతకములు చేయించెను. రాత్రివేళ 3,300 కిలోమీటర్లకు మించిన దూరమునను చుక్కలు ముద్రితమయ్యెను. పగలు మాత్రము 1,100 కిలోమీటర్ల కావల నేమియు నందలేదు. వార్తలు సముద్రము దాటునని దీనివలన తేలెను. కాని న్యూఫౌండ్‌లాండులో పట్టపగలు నిజముగా వినెనా యను సందేహము మరింత బలపడెను. అది నేటికిని తీరలేదు. తరంగములను వెనుకకు మరల్చు విద్యుత్పొర యొకటి ఆకాశమున గలదని 1902లోనే కెన్నెలీ, హెవిసైడులు ఊహించిరి. తరువాతి కాలమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునను ఆ అయనావరణమును గూర్చి పరిశోధనలు జరిగెను.

1909లో మార్కోనికిని, బ్రౌను పండితునకును నోబెలు బహుమానము లభించెను. 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు ఆతని యంత్రముల కేకను విని వచ్చిన ఓడ యేడువందలకు పైగా జనులను రక్షించెను.

అంతట నొక వింత జరిగెను. పొడవైన తరంగములే దూరము పోవునని నమ్మి మార్కోని కంపెనీ వేలకొలది మీటర్ల తరంగములను, కిలోమీటరు పొడవు ఏరియళ్లను నిర్మించుచుండెను. 200 మీటర్లకు లోబడిన తరంగములు నిరుపయోగములని యెంచి అమెరికా ప్రభుత్వము 1912లో వానిని ఔత్సాహికులకు వదలెను. ఆ ఔత్సాహికులే 1923లో, సుమారు 100 మీటర్ల తరంగములతో, ఇంటి ఏరియళ్లతో అట్లాంటిక్ దాటి మాటలాడుకొనిరి. మార్కోనియు ఆ యేడే తన ఎలెట్ట్రా నౌకపై చిన్న తరంగములను పరీక్షించి, తన త్రోవను మార్చుకొనెను. పేరుప్రతిష్ఠలు వచ్చిన పిదప ఇట్లు మార్చుకొనగలవారు కొలదిమందియే. 1927లో ఆ పద్ధతిని ఇంగ్లండుకును, పూనా ప్రాంతమునకును వార్తలు నడచెను. కడపటి దినములలో ఆతడు ముస్సోలినీ ప్రభుత్వమును బలపరచుట ఆతని కీర్తికి మచ్చయే. 1937 జులై 20వ తేదీన రోములో మరణించెను. బ్రిటిషు రేడియో కేంద్రములు రెండు నిముషములు మౌనము వహించెను.

2007లో జెనీవాలో జరిగిన సమావేశము ఔత్సాహికులకు 2,200 మీటర్ల పొడవైన తరంగములను గూడ అనుమతించెను. వానికి తగిన ఏరియలు 550 మీటర్ల ఎత్తుండవలెను. కొబ్బరిచెట్లను ఇరువదింటిని ఒకదానిపై నొకటి నిలిపినను అంత ఎత్తు రాదు. కావున వారు పెరటిలో పదిపదునైదు మీటర్ల గడ నాటి, దాని తలపై అడ్డుతీగలు గట్టి, అడుగున పెద్ద తీగచుట్టను చేర్చి, రాగితీగలను భూమిలో పాతుదురు. శక్తిలో చాలభాగము చుట్టలోను, మట్టిలోను వేడియై పోవును. మిగిలిన కొంచెపు శక్తియే, చలికాలపు రాత్రులలో, మోర్సు చుక్కలను ఒక్కొక్కటిగా మిక్కిలి మెల్లగా పంపినపుడు, అట్లాంటిక్ ఆవలి యొడ్డున అందినది.