మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలో ఒక పేద కమ్మరి ఇంట జన్మించాడు. బడిచదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది. 14వ ఏట పుస్తకాల బైండింగు దుకాణంలో చేరి, తాను కుట్టే గ్రంథాలనే చదివి విజ్ఞానశాస్త్రంపై మక్కువ పెంచుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకొని, గ్రంథంగా కట్టి ఆయనకే పంపాడు. ఆ శ్రద్ధకు ఫలంగా మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యాడు.

1821లో విద్యుత్తు ప్రవహించే తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. మోటారుకు అదే మూలం. అయస్కాంతంతో విద్యుత్తును పుట్టించవచ్చునా అనే జిజ్ఞాస ఆయనను ఏళ్లతరబడి వీడలేదు. 1831లో తీగచుట్టలో అయస్కాంతం కదిలినంతసేపే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నాడు. అయస్కాంత ధ్రువాల నడుమ రాగి పళ్లెం తిప్పి తొలి జనరేటరును రూపొందించాడు.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని సైతం నిరాకరించి, ప్రయోగశాలనే నమ్ముకొన్న ఆ నిరాడంబరుడు 1867లో కన్నుమూశాడు.