నమ్మకమైన గృహనిర్వాహకుడు
దోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితమునుండి కొన్ని పాఠములు

చదువవలసిన భాగము: నిర్గమకాండము 18:13–27



మోషే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ఒంటరిగా కూర్చుండి జనులకు న్యాయము తీర్చుచుండగా, అతని మామయైన యిత్రో చూచి, ఆ భారము అతని బలమునకు మించినదని తెలిపి, పనిని నమ్మకమైన మనుష్యులకు పంచి యిచ్చు మార్గము నేర్పెను. మోషే దేవునితో ముఖాముఖిగా మాటలాడినవాడు. అయినను పని నడుపు విధమును ఒక పెద్దయొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

మనలో అనేకులు ప్రసంగించుటయు ప్రార్థించుటయు ఆత్మసంబంధమైన పనులనియు, లెక్క వ్రాయుటయు కమిటీ నడుపుటయు లోకసంబంధమైన పనులనియు తలంచుచున్నారు. ఈ తలంపువలన కలుగు నష్టమును మేము కన్నులార చూచితిమి. ఒక గ్రామములో గుడి కప్పుకొరకు కూలివారు తమ దినకూలిలోనుండి కానుకలిచ్చిరి. వాటికి లెక్క వ్రాసినవారు లేరు. ఎవరును దొంగిలింపలేదు, అయినను అనుమానము పుట్టెను. రెండేండ్లలో సంఘము రెండుగా చీలెను. గుడి గోడలు కప్పులేక వానకు తడియుచు నిలిచియుండెను.

అందుచేత ఈ మాసము, సంఘపు పని నడుపుటను దైవసేవగా ఎంచి నేర్చుకొనిన ఒక భక్తుని జీవితమును మీ ముందుంచుచున్నాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. తండ్రిగారు గ్రామ సంఘ కాపరి. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము పొందలేదు. 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, 1909 వరకు ఆ సేవలోనే యుండిరి.

కార్యదర్శి పనిలో పేరు తక్కువ, శ్రమ ఎక్కువ. ఉత్తరములకు ప్రత్యుత్తరములు వ్రాయవలెను, సభలు కూర్చవలెను, పైకమునకు లెక్క చూపవలెను, భిన్నాభిప్రాయములుగల వారిని ఒక బల్లయొద్దకు చేర్చవలెను. ఆ పదునాలుగేండ్లు ఆయనకు పాఠశాలయాయెను.

1902లో ఆయన యాఫ్నాకు వెళ్లినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తామే సువార్తపని జరిగించుచుండుట చూచి మిక్కిలి కదిలింపబడిరి. మరుసటి యేడు, 1903లో, తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత మిషనరీ సంఘమును స్థాపించిరి. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో భారతదేశమంతటికిని జాతీయ మిషనరీ సంఘము ఏర్పడెను. ఈ రెంటి పుట్టుకలోను అజరయ్యగారి కష్టమున్నది. జాతీయ సంఘము పెట్టుకొనిన నియమము మూడు మాటలలో ఇమిడియున్నది: సేవకులు భారతీయులు, ధనము భారతీయులది, నిర్వహణ భారతీయులది. ఈ మూడవ మాటను గమనింపుడి. మనుష్యులును ధనమును ఉండి, నిర్వహణ పరుల చేతిలోనున్నచో సంఘము ఇంకను పసిబిడ్డయే.

అయితే ఆయన మనస్సాక్షి ఆయనను నెమ్మదిగా ఉండనియ్యలేదు. పొలమునకు వెళ్లుడని యితరులను పురికొల్పుచు తాను కార్యాలయములో నిలిచియుండుట తగునా? ముప్పది యైదవ యేట, 1909లో, ఆ పదవి విడిచి, తిరునెల్వేలి వారి సేవాక్షేత్రమైన నిజాం రాజ్యములోని దోర్నకల్ చేరిరి. అది యిప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో నున్నది. పెద్ద సభలలో మాటలాడిన ఆయన పల్లెలలో సువార్త చెప్పుటకై తెలుగు అక్షరములు దిద్దుకొనవలసి వచ్చెను. నేర్చుకొనుటకు నామోషీ పడనివాడే నడుపుటకు తగినవాడు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనయే. భారతీయుడు అధ్యక్షస్థానమును నిర్వహింపగలడా అని సందేహించినవారు అనేకులు. ఆయన తప్పిపోయిన యెడల అది ఆయనకు మాత్రమే కాక, ఆయన వెనుక రావలసిన వారందరికిని అడ్డుబండగా నుండెడిది.

ఆయన మందలో అధికులు ఊరి వెలుపలి పల్లెలలోని మాల మాదిగ కూలి కుటుంబములు. పాదిరులు బహు కొద్దిమంది. ఒక్కడు అన్ని గ్రామములకు పోజాలడు. కాబట్టి ఆయన గ్రామ ఉపదేశకులను ఏర్పరచిరి. ఉపదేశకుడును అతని భార్యయు పల్లెలో నివసించి, పిల్లలకు చదువు నేర్పుచు, సాయంకాలమున ఆరాధన నడిపించుచుండిరి. పల్లెలో సంవత్సరములకొలది సేవచేసి మంచి సాక్ష్యము పొందినవారికి తెలుగులోనే వేదాంతవిద్య గరపి, పాదిరులుగా అభిషేకించుచుండిరి. ఆంగ్లము రాకపోవుట వారికి ఆటంకము కాలేదు. బిషప్‌గారు తామే వారికి పాఠములు చెప్పుచుండిరి. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ గారు ఈ సేవలో ఆయనకు తోడుగా నిలిచిరి. ఏటేట సాక్ష్యవారము జరుగుచుండెను. అప్పుడు బాప్తిస్మము పొందినవారందరును, చదువురాని కూలివారు సహా, సువార్త చెప్పుటకు బయలుదేరుచుండిరి.

కానుకల విషయములోను ఆయన బీదలను తక్కువగా ఎంచలేదు. బీదవాడు పుచ్చుకొనువాడే గాని ఇచ్చువాడు కాడని తలంచుట వానిని అవమానపరచుటయే. ధనము లేనివారు ధాన్యము తెచ్చిరి. స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరుగా నుంచిరి. కానుకలిచ్చుటను గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయము, ఈ దేశపు శిల్పరీతులలో గుమ్మటములతోను స్తంభములతోను నేటికిని నిలిచియున్నది. అనేక సంవత్సరములు ఓపికతో కట్టిన పని అది.

1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆనాటికి ఆ అధ్యక్షమండలములో క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి. భారతీయ పాదిరులు వందకు పైగా నుండిరి. 1919లో తరంగంబాడిలో కూడిన ముప్పది ముగ్గురు సేవకులతో కలిసి ఆయన ఆరంభించిన సంఘైక్యతాప్రయత్నము, ఆయన మరణించిన రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. కాపరి పోయెను గాని పని ఆగలేదు. మంచి నిర్వహణకు గుర్తు ఇదియే.

ప్రియులారా, పౌలు యెరూషలేములోని బీదల కానుకను ఒంటరిగా మోసికొనిపోలేదు. తనమీద ఎవరును తప్పు మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట తీసికొనెను (2 కొరింథీ 8:18–21). అపొస్తలులు విధవరాండ్ర భోజనపు పనికి ఆత్మతో నిండినవారినే ఏర్పరచిరి (అపొ. కార్యములు 6:1–7). అన్నము వడ్డించుటకే ఆత్మపూర్ణులు కావలసియుండగా, లెక్కపుస్తకము వ్రాయుటకు మనము ఎవరిని ఏర్పరచుచున్నాము?

ఈ మాసము ప్రతి సంఘమును మూడు పనులు ఆరంభించునుగాక. ప్రతి ఆదివారపు కానుకను ఇద్దరు కలిసి లెక్కించి, అదే దినమున పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. మూడు మాసములకొకసారి ఆ లెక్కను సంఘమంతటికి చదివి వినిపింపవలెను. పాదిరిగారు చేయుచున్న పనులలో ఒకదానిని ఒక యౌవనస్థునికి గాని స్త్రీకి గాని నేర్పి అప్పగింపవలెను. ఇవి చిన్న పనులే. కొంచెములో నమ్మకముగా నుండువానికే ప్రభువు ఎక్కువ అప్పగించును.

ప్రార్థన: ప్రభువా, నీ యింటి పనిని మాకు అప్పగించితివి. అది మా సొత్తు కాదని జ్ఞాపకము చేయుము. నేర్చుకొను వినయమును, పంచుకొను మనస్సును, లెక్క అప్పగించు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.