కమ్మరి కొడుకు చేసిన పెద్ద బండి

మన ఛత్రినాక, గౌలిపురా, లాల్‌దర్వాజ సందుల్లో ఒకప్పుడు ఎటు చూసినా హీరో హోండా బళ్లే. ఆ పేరులోని హోండా ఒక మనిషి ఇంటిపేరని మనలో ఎందరికి తెలుసు?

సోయిచిరో హోండా 1906 నవంబరు 17న జపాన్‌లోని హమమత్సు దగ్గర ఒక పల్లెలో జన్మించారు. తండ్రి కమ్మరి, సైకిళ్లు కూడా బాగుచేసేవారు. తల్లి నేత నేసేది. 15 ఏళ్లకే టోక్యోలో మోటారు షెడ్డులో చేరితే, మొదట ఇచ్చిన పని యజమాని బిడ్డను ఆడించడం! ఓపిక పట్టి పని నేర్చుకున్నారు. తర్వాత పిస్టన్ రింగుల తయారీలో దెబ్బతిన్నారు. లోపం తన చదువులోనే ఉందని గ్రహించి, పెద్ద వయసులో టెక్నికల్ స్కూల్లో కూర్చుని లోహాల పాఠాలు విన్నారు.

1946లో సైన్యం వాడి వదిలేసిన చిన్న ఇంజన్లను సైకిళ్లకు బిగించి అమ్మారు. 1948లో హోండా కంపెనీ స్థాపించారు. 1958లో వచ్చిన 50 సీసీ సూపర్ కబ్‌కు క్లచ్ లివరే లేదు. ఎవరైనా తేలిగ్గా నడపవచ్చు. 2017 నాటికి ఈ బళ్లు 10 కోట్లు తయారయ్యాయి.

ఆయనకు పందేలంటే ప్రాణం. 1969లో నాలుగు సిలిండర్ల సీబీ 750 తెచ్చారు. వేగానికి లోటు లేదు. కానీ దూర ప్రయాణానికి వేగం ఒక్కటే చాలదు. ఎదురుగాలి ఛాతీని నెడుతుంది, ఇంజను అదురు చేతులకు ఎక్కుతుంది, గొలుసుకు మాటిమాటికీ నూనె పెట్టాలి.

ఆయనకు ఒక మొండిపట్టు ఉండేది. కారు ఇంజనును గాలితోనే చల్లబరచాలనేవారు. కుర్ర ఇంజనీర్లు నీళ్లు కావాలన్నారు. 1968లో ఫ్రాన్స్ పందెంలో గాలితో చల్లబడే హోండా కారు బోల్తాపడి మంటల్లో కాలింది. డ్రైవరు జో ష్లెసర్ చనిపోయారు. చివరకు భాగస్వామి తకేయో ఫుజిసావా నచ్చజెప్పగా హోండా చిన్నవాళ్ల మాటకు ఒప్పుకున్నారు. 1973లో ఇద్దరూ కలిసి పదవి వదిలి, కంపెనీని వారికే అప్పగించారు.

ఆ కుర్రవాళ్లే 1974లో గోల్డ్ వింగ్‌ను ప్రపంచానికి చూపారు. 999 సీసీ ఇంజను, నీటితో చల్లబడేది. సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు పడుకున్నట్లు ఉండటంతో అదురు తగ్గింది. గొలుసుకు బదులు ఇనుప షాఫ్టు పెట్టారు. బరువు కిందికి దిగేలా పెట్రోలు ట్యాంకు సీటు కిందకు వచ్చింది. అయినా గాలి అద్దం, సామాను పెట్టెలు లేవు. అమెరికాలో కొన్నవాళ్లు సొంతంగా బిగించుకున్నారు. అది చూసి కంపెనీ 1980లో వాటితోనే బండి ఇచ్చింది. సౌకర్యం పెరిగితే బరువు పెరిగింది, బరువు పెరిగితే పెద్ద ఇంజను కావలసి వచ్చింది. 1988 మోడలుకు ఆరు సిలిండర్లు, వెనక్కి నడిపే ఏర్పాటు కూడా పెట్టారు. అంటే బలం, సౌకర్యం శత్రువులు కావు. మనిషిని అలసిపోకుండా గమ్యం చేర్చడానికే ఇంజను బలం.

హోండా 1991 ఆగస్టు 5న 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మిత్రులారా, సెలవుల్లో మెకానిక్ షెడ్డులో పనిచేసి ఫీజు కట్టుకునేవాళ్లు మనలో ఉన్నారు. నూనె మరకల చేతులకు సిగ్గుపడవద్దు. తెలియనిది నేర్చుకోవడానికి, మనకన్నా చిన్నవాళ్ల మాట వినడానికి కూడా సిగ్గుపడవద్దు. ఆ రెండూ చేసినందుకే కమ్మరి కొడుకు పేరు మన సందుల దాకా వచ్చింది.